అయిదు పక్షాల గుర్రపుడెక్క

తాటిగరువు పిల్లకాలవని యూనివర్సిటీవాళ్లు దత్తత తీసుకున్నారన్న కబురు నూకరత్నం చెవిన వేసింది పక్కింటి మంగాయమ్మ. మంగాయమ్మకి పాలకేంద్రం దగ్గర రామతులశమ్మ చెప్పిందట. రామతులశమ్మకి వాళ్ల మరిది చెప్పాడట. ఆ మరిది పంచాయతీ ఆఫీసు అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ కిటికీలోంచి స్వయంగా విన్నాడట గనక ఇందులో అబద్ధానికి తావు లేదని మంగాయమ్మ అభిప్రాయం.

"ఊరిని కాదంటే, కాలవనొక్కదాన్నేనంట. కాయితాలు కూడా రాసేసుకున్నారంట," అంది మంగాయమ్మ.

"కాలవకి అమ్మా బాబూ లేరనుకున్నారా ఏటి?" అంది నూకరత్నం బిందె చంకకెత్తుకుంటూ.

"నేనూ అదే అడిగానే. పెంచుకుంటారంటమ్మా! చదువుకున్నోళ్లు కదా, మనకంటే బాగా పెంచుతారంట."

మంగాయమ్మ ఏం చెప్పినా సగం తీసేసి వినడం ఊరి అలవాటు. ఈసారి ఒక్క ముక్కా తియ్యకుండా వినాల్సిందని తరవాత తెలిసింది. వాళ్లు పెంచారు. కాకపోతే కాలవని కాదు, కాలవ నిండా పట్టి నీళ్లాపేస్తున్న గుర్రపుడెక్కని.

నూకరత్నానికి కాలవ ఊసు అందరికంటే ఎక్కువ కావాలి. ఆవిడ కౌలుకి చేసే రెండెకరాలూ కాలవ చిట్టచివర ఉన్నాయి. చివరి చేలకి నీళ్లూ, చివరి పంక్తికి గారెలూ ఒకలాంటివే. ఉన్నాయంటారు, విస్తరి దాకా రావు. మొగుడు సూరిబాబు రొయ్యల చెరువు కాపలాకని దూరాన ఉండిపోయాడు. నారు పోసిన ఆకుమడిని ఆవిడొక్కతే పక్క చేలో బోరు నుంచి బిందెలతో నీళ్లు మోసి బతికిస్తోంది. నారుకి పన్నెండు రోజులు. ఇరవై అయిదు, మహా అయితే ముప్ఫై రోజులకి పీకి చేలో నాటెయ్యాలి, ఊడ్చడమంటే అదే. అంతకు ముందు మట్టిని బురదగా కలిపి దమ్ము చెయ్యడానికి చేలో నీళ్లుండాలి. బిందెలతో దమ్ము అవదు, కాలవే రావాలి.

దానికి తోడు భూమి ఆసామి పట్టాభిరామయ్యగారు ఈ ఏడు ఒక మాట ఖాయంగా అనేశారు: "చూడు నూకరత్నం, ఆషాఢం వెళ్లేలోగా ఊడ్చిన చేను నీది. ఊడవనిది నాది. ప్రొక్లెయిను పెట్టి చేపల చెరువు తవ్వించుకుంటాను. నీళ్లు రాని చేలో నువ్వూ ఏడవడం దేనికి, నేనూ ఏడవడం దేనికి?"

మనిషి మంచివాడే. తేదీ చెప్పి మరీ భయపెట్టాడు.

ఇక్కడ ఊరి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. పై కాలవకి నీళ్లొదిలిన వారంలో కాలవ చూసుకునే లస్కరు డప్పు వేయించి ఒక రోజు చెబుతాడు. ఆ రోజు ఇంటికో మనిషి కొడవలో కొంకికర్రో పట్టుకుని కాలవలో దిగాలి. మనిషి లేని ఇల్లు కుండెడు మజ్జిగైనా పంపాలి. పొద్దున్న దిగితే మధ్యాహ్నానికి గుర్రపుడెక్కంతా గట్టెక్కుతుంది. అప్పుడు గట్టు మీదే కూచుని అందరూ అన్నం, ఎండుచేపల ఇగురు తింటారు. దీనికి కమిటీ లేదు, అధ్యక్షుడు లేడు, తీర్మానం లేదు. అందుకే కాబోలు ఏ ఏడూ ఆగలేదు.

ఈ ఏడు గురువారం అన్నారు. బుధవారం నాడు శామియానా దిగింది.

కాలవ గట్టు పొడుగునా కుర్చీలు వేశారు. మైకు, పూలదండలు, వెనక ఒక పెద్ద బ్యానరు. బ్యానరు మీద ఊదారంగు గుర్రపుడెక్క పువ్వు, దాని చుట్టూ అయిదు చేతులు. ఆ చేతులు పువ్వుని పీకుతున్నాయా కాపాడుతున్నాయా అన్నది చూసేవాళ్ల ఇష్టానికి వదిలేశారు.

అయిదు చేతులంటే అయిదు పక్షాలు. మొదటిది యూనివర్సిటీ. రెండోది నీటిపారుదల శాఖ. మూడోది గుర్రపుడెక్క ఎండబెట్టి విస్తళ్లూ సంచులూ చేస్తామని వచ్చిన కంపెనీ. నాలుగోది చైతన్యం కలిగించే స్వచ్ఛంద సంస్థ. అయిదోది తాటిగరువు గ్రామం. గ్రామం తరఫున సర్పంచి బుల్లియ్య వేదికెక్కాడు. ఆయనకి ముందు శాలువా కప్పారు, తరవాత పెన్ను ఇచ్చారు. శాలువా కప్పించుకున్న మనిషి కాయితం చదివి సంతకం పెడతాననడం మర్యాద కాదు.

సమన్వయకర్త ఆచార్య శేషావతారంగారు మైకు ముందుకొచ్చారు. పొడుగాటి మనిషి, ప్రతి మాటకీ ముందు కొంచెం గాలి పీల్చుకుంటారు.

"నేటి సమాజం ఎదుర్కొంటున్న సంక్లిష్ట సవాళ్లను ఏ ఒక్క రంగమూ ఒంటరిగా పరిష్కరించజాలదు. జాలదు అంటే చాలదు. పరిష్కరించకూడదు కూడా! విశ్వవిద్యాలయం నాలుగు గోడలు దాటి రావాలి. పరిశ్రమ, ప్రభుత్వం, పౌరసమాజం, గ్రామం ఒకే వేదిక మీద నిలబడి సమస్యను సమ్మిళితంగా, సమగ్రంగా, సుస్థిరంగా..."

"సుస్థిరంగా అంటే ఏటే?" అని మంగాయమ్మ గొణిగింది.

"కదలకుండా అని," అంది నూకరత్నం. ఆవిడ ఎనిమిదో తరగతి దాకా చదివింది.

ఉపన్యాసాలయ్యాక ప్రజల అభిప్రాయం కావాలన్నారు. నూకరత్నం లేచింది.

"అయ్యా, రేపు గురువారం ఇంటికో మనిషి దిగి ఈ డెక్కంతా తీసేస్తామండి. తమరిలో కూడా ఎవరైనా ఓ చెయ్యేస్తే పదకొండింటికల్లా అయిపోద్ది. భోజనం మేమే పెడతాం."

పెళ్లిపీటల మీద కూచున్న పెళ్లికొడుకుతో 'మీరెందుకులెండి' అంటే మొహం ఎలా పెడతాడో, వేదిక మీద అందరూ అలా పెట్టారు.

శేషావతారంగారు ఒప్పంద పత్రం తెరిచి, కళ్లజోడు సర్దుకుని చదివారు: "ఏడో షరతు. ఈ సమస్యను ఏ భాగస్వామీ, తక్కిన భాగస్వాముల ప్రమేయం లేకుండా, పూర్తిగా గాని పాక్షికంగా గాని పరిష్కరించరాదు."

తరవాత అనునయంగా అన్నారు: "చూడమ్మా, రేపు మీరు దిగి తీసేశారనుకో. అది ఏకరంగ పరిష్కారం అవుతుంది. ఒక్క రంగమే సమస్యను తీసుకుపోతే మిగిలిన నాలుగు రంగాలూ దేనిమీద సమన్వయం కావాలి?"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది బుల్లియ్య. శాలువా జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తొడ మీద కొట్టుకున్నాడు.

ఆ సాయంత్రం లస్కరు మళ్లీ డప్పు వేయించాడు. ఈసారి కేక మారింది: "కాలవలో డెక్క ముట్టుకోకూడదహో! ముట్టుకుంటే ఒప్పందం తప్పినట్టహో!"

మర్నాటి నుంచి పరిశోధన మొదలైంది. ఏ సమస్యకైనా ముందు దాని స్థితి తెలియాలి గనక డెక్కమొక్కల్ని లెక్కపెట్టారు. నాలుగు వేల రెండు వందల పన్నెండు తేలాయి. ఒక్కోదానికి నీలం ప్లాస్టిక్ బిళ్ల కట్టి నంబరు వేశారు. ఈ పని హిమజ అనే పరిశోధక విద్యార్థిని పర్యవేక్షించింది. పొద్దుటే బస్సు దిగి, పంజాబీ డ్రస్సు మోకాళ్ల దాకా మడిచి, మొలలోతు నీళ్లలో దిగేది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే గుర్రపుడెక్క యూనివర్సిటీ క్యాలెండరు చదవదు. పిల్లలు పెట్టింది. పదిహేడో నంబరు నాలుగు పిల్లల్ని పెట్టేసరికి వాటికి పదిహేడు బై అ, పదిహేడు బై ఆ అని బిళ్లలు కట్టారు. తరవాత అవి కొట్టుకుపోతున్నాయి, ఒకదాని నంబరు ఒకదాని చోట ఉంటోంది, గణాంకాలు తారుమారవుతున్నాయి. అందుకని ఎగువన ఒక వల, దిగువన ఒక వల అడ్డం కట్టారు. అప్పటిదాకా డెక్క సందుల్లోంచి వచ్చే కాసిని నీళ్లూ చెత్తపడిన వలల దగ్గర ఆగిపోయాయి.

ఆపైన సామాజిక శాస్త్రం వాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. నూకరత్నం ఆకుమడి గట్టు మీద బిందె దించుతుంటే ఒకాయన కాగితం తీశాడు.

"ఈ సమస్య వల్ల మీకు కలిగే బాధను ఒకటి నుంచి అయిదు దాకా కొలిస్తే ఎంతండీ?"

"నారుకి పందొమ్మిది రోజులండి."

"అది కాదండీ. ఒకటి అంటే స్వల్పం, అయిదు అంటే అత్యధికం."

"ఇరవై అయిదు దాటితే పనికిరాదండి."

ఆయన కాసేపు ఆలోచించి మూడు వేసుకున్నాడు. మధ్యస్థం.

ఆ వారంలోనే మంగాయమ్మకి తాఖీదు వచ్చింది. ఆవిడ గేదె నీళ్లు తాగడానికి దిగి రెండు గుక్కలతో పాటు ఒక మొక్క కూడా నమిలేసింది. "నమూనా నంబరు 803ను మీ గేదె ఏకపక్షంగా భక్షించినందున, ఏడో షరతు ప్రకారం అది పాక్షిక పరిష్కారం కిందికి వచ్చునో రాదో వివరణ ఇవ్వవలసినది" అని ఉంది అందులో.

"సంజాయిషీ ఎవరియ్యాలే, నేనా, గేదా?" అంది మంగాయమ్మ.

"నువ్వే. అది సంతకం పెట్టలేదు కదా," అంది నూకరత్నం.

"మరి నేనెప్పుడు పెట్టానే?"

"బుల్లియ్య పెట్టాడుగా. ఊరంటే నువ్వూ నేనూ గేదే."

నారుకి ఇరవై నాలుగో రోజున పక్షాల రెండో సమావేశం జరిగింది. విస్తళ్ల కంపెనీ మేనేజరు లేచి గంభీరంగా ఆందోళన వ్యక్తం చేశాడు. ముడిసరుకు ఎదుగుదల సమానంగా లేదు, కాలవ చివర కాడలు సన్నంగా ఉన్నాయి, ఇలాంటి కాడతో విస్తరి నిలబడదు, రేపు మిషన్లు దించాక సరుకు చాలకపోతే తమ పక్షం భాగస్వామ్యం ఏం కావాలి అన్నాడు. స్వచ్ఛంద సంస్థ మేడమ్ పువ్వుల అందం వల్ల మహిళల్లో కలిగే మానసికోల్లాసం గురించి మాట్లాడారు. చివరికి యూనివర్సిటీ వ్యవసాయ విభాగం వాళ్లు మూడు రంగాలకీ ఆమోదమైన శాస్త్రీయ మార్గం చూపించారు. గుర్రపుడెక్కకి యూరియా వెయ్యాలి.

నాలుగో నాటికి ట్రాక్టరు వచ్చింది. ఆ వేళ నూకరత్నం సొసైటీ గోడౌను ముందు వరసలో నిలబడి ఉంది. రైతుకి ఒక్క బస్తా, అదీ ఆధార్ కార్డు మీద, అదీ ఉంటేనే. ఆవిడ వంతొచ్చేసరికి లేదన్నారు. ఉత్త చేతులతో వస్తుంటే గట్టు మీద ఇద్దరు కూలీలు బస్తాలు విప్పి పిడికిళ్లతో కాలవలోకి చల్లుతున్నారు.

"ఒక్క బస్తా ఇటు జార్చరా నాయనా," అంది.

"నంబరున్న వాటికేనంట పిన్నీ," అన్నాడు కూలీ మొహం తిప్పుకుని. "నీ నారుకి నంబరుందా?"

వారం తిరిగేసరికి గుర్రపుడెక్క గట్లతో సమానంగా లేచింది. అంత నిగనిగలాడే పంటని తాటిగరువు ఆ ఏడు మరెక్కడా చూడలేదు. పక్క ఊళ్లవాళ్లు సైకిళ్లాపి మరీ చూశారు. నూకరత్నం ఆకుమడి మాత్రం కొసలు పసుపెక్కింది.

ముప్ఫై నాలుగో రోజున ఆవిడ ఒక పిడికెడు నారు వేళ్లతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టుకుని, రెండు బస్సులు మారి యూనివర్సిటీకి వెళ్లింది. చూపిస్తే అర్థమవుతుందని. చదువుకున్నవాళ్లకి చెప్పడం కష్టం గాని చూపించడం తేలికని ఆవిడ నమ్మకం.

సమన్వయ కేంద్రం మూడో అంతస్తులో ఉంది. చల్లగా, ఊరి రామాలయం గర్భగుడిలా. శేషావతారంగారు ఎంతో మర్యాదగా కుర్చీ చూపించారు. మంచినీళ్లు ఇప్పించారు. నారు విప్పి బల్ల మీద పెడితే "ఆహా" అన్నారు.

"మొదలు చూడండయ్యా. కణుపు వేసేస్తంది. కణుపేసిన నారు ఊడిస్తే పిలకలెయ్యదు. బతుకుద్ది గాని పండదు. నా చేలోకి నీళ్లొచ్చేంత దారి, కాలవ మధ్యలో ఒక మూరెడు వెడల్పు, తీసుకుంటానండి. మిగతాది తమరే ఉంచుకోండి."

"చాలా సమంజసమైన కోరిక," అన్నారు ఆయన. "అయిదు పక్షాల సంతకాలూ తెచ్చెయ్యమ్మా."

"అదీ అయిందండి, ఆళ్లందరి దగ్గరికీ తిరిగాను. కాలవ మాదే గాని డెక్క కంపెనీదన్నారు ఇంజినీరుగారు. డెక్క మాదే గాని గట్టెక్కాక మాది, నీళ్లలో ఉండగా కాదన్నాడు కంపెనీ ఆయన. మేం చెప్పడమే గాని పీకడం చెయ్యం అంది మేడమ్. బుల్లియ్య మటుకు, శాలువా ఇచ్చినోళ్లని అడగమన్నాడు."

"మేమా? మేము అధ్యయనం చేస్తాం," అన్నారు శేషావతారంగారు.

"మరి పీకేదెవరండి?"

ఆయన లేచి గోడ మీద పటం దగ్గరికి నడిచారు. రంగురంగుల గళ్లు. "మొదటి ఏడాది అవగాహన. రెండో ఏడాది సంవాదం. మూడో ఏడాది నివేదిక, జాతీయ సదస్సు."

"పీకడం ఏ గడిలో ఉందండి?"

ఆయన మూడు గళ్లూ జాగ్రత్తగా చూశారు. తనకి కూడా ఆ ప్రశ్న కొత్తే. కిందికి చూశారు, పక్కకి చూశారు.

"తొలగింపు అన్నది ఈ దశ పరిధిలో లేదమ్మా. అది రెండో దశ. మొదటి దశ విజయవంతమైతేనే రెండో దశ మంజూరవుతుంది. మొదటి దశ విజయవంతం కావాలంటే మూడేళ్లూ సమస్య చెక్కుచెదరకుండా ఉండాలి." చివర ఇంకో మాట కలిపారు, ఓదార్పుగా: "ఈ నారును ఇక్కడే వదిలి వెళ్లండి. ప్రదర్శనలో పెడతాం."

నూకరత్నం నారుని మళ్లీ గుడ్డలో చుట్టుకుని వచ్చేసింది.

ఆషాఢం ఇంకో వారం ఉందనగా, నారుకి నలభై రెండో రోజున, పొద్దు పొడిచీ పొడవకుండానే ఆవిడ కొడవలి పట్టుకుని కాలవలో దిగింది. ఎవరికీ చెప్పలేదు. వల కోసింది. మొదటి మొక్కని మొదలంటా పట్టి లాగి గట్టు మీదికి విసిరింది. యూరియా తిన్న మొక్క, మేకపిల్లంత బరువుంది.

గేదెని తోలుకొస్తున్న మంగాయమ్మ చూసి గట్టు మీదే కూలబడింది. "ఒసే, నీకేం పోయేకాలమే! నా గేదె ఒక్కటి తింటేనే తాఖీదొచ్చింది!"

"గేదెకి నోరు లేదు, నాకుంది. తాఖీదు నాకు రానీ."

"ఒక్కదానివి ఎంత పీకుతావే?"

"మూరెడు దారి. ఇంకేం అక్కర్లేదు."

మంగాయమ్మ లేచింది. ఊరి వైపు తిరిగి, గొంతు మెలిపెట్టి కేకేసింది. ఆవిడ గొంతుకి లస్కరు డప్పు ఏ మూలకీ చాలదు. "ఒరే తాటిగరువోళ్లారా! ఆడమనిషొక్కతీ కాలవలో దిగింది, మీరు ఒప్పందం కప్పుకుని పడుకోండ్రా! ఇంటికో మనిషి లేకపోతే ఇంటికో గేదెనైనా పంపండ్రా!"

ముందు ఇద్దరొచ్చారు. తరవాత పదిమంది. ఆరుగంటలకి ఇంటికో మనిషి లెక్క దాటిపోయింది. మజ్జిగ కుండలు కూడా వచ్చాయి. బుల్లియ్య ఇంటి నుంచి మనిషి రాలేదు గాని మజ్జిగ వచ్చింది. వాళ్లావిడ పంపింది.

ఏడున్నర బస్సుకి హిమజ దిగింది. గట్టు మీద కొండలా పోసిన డెక్కనీ, అందులో మెరుస్తున్న నీలం బిళ్లల్నీ చూసి చేతిలో పుస్తకం జారవిడిచింది.

"పిన్నిగారూ, ఇది నా పిహెచ్‌డి అండీ!"

నూకరత్నం మొలలోతు నీళ్లలో నిలబడి చెమట తుడుచుకుంది. "నా చేను కూడానమ్మా."

హిమజ ఆకుమడి వైపు చూసింది. నెలరోజులుగా ఆ గట్టు మీద నుంచే నడుస్తోంది. పచ్చ పసుపుగా, పసుపు కాస్తా ఎండుగా మారడం ఆమె లెక్కల్లో లేదు గాని కళ్లల్లో ఉంది. వంగి పుస్తకం తీసుకుని గట్టు మీద కూచుంది. "పీకేముందు నంబరు చదివి పీకండి. కొట్టేసుకుంటాను. సర్ అడిగితే ఏవి పోయాయో అన్నా చెప్పాలి."

అలా తాటిగరువు కాలవలో ఎన్నడూ వినని పాట పుట్టింది. "పదకొండు వందల ఆరు!" అని ఒకడు, "ఇరవై రెండు బై ఈ!" అని ఒకడు, "అక్షరాలు చెరిగిపోయినోడొకడు!" అని ఇంకొకడు. వెయ్యి దాటాక హిమజ పుస్తకం మంగాయమ్మ ఒడిలో పెట్టి, "నా గైడు నన్ను బతకనివ్వడు," అంటూ తనూ దిగింది.

పదకొండున్నరకి నీళ్లు కదిలాయి. ముందు నురగ, తరవాత చెత్త, తరవాత ఎర్రగా నీళ్లు. మధ్యాహ్నానికి చివరి చేను తడిసింది. నూకరత్నం తడిసిన మట్టి అరచేతిలోకి తీసుకుని పిండి చూసింది. గట్టు మీద ఎండుచేపల ఇగురు వాసన వస్తున్నా ఆవిడ అన్నానికి రాలేదు. ఆకుమడి దగ్గరికి వెళ్లింది.

సగం నారు చేత్తో పడితే తెగిపోయింది. మిగిలినది కణుపులు వేసి ఉంది. దమ్ము చేయించి, ఏరి ఏరి, కుదురుకి రెండేసి పుల్లలు ఎక్కువ పెట్టి ఊడిస్తే ఒక ఎకరానికి సరిపోయింది. అరువు తెద్దామంటే చివరి చేల వాళ్లందరి ఆకుమళ్లూ అలాగే ఉన్నాయి. రెండో ఎకరం నీళ్లు నిండి ఖాళీగా నిలబడింది. ఆషాఢం వెళ్లిన మర్నాడు పట్టాభిరామయ్యగారి ప్రొక్లెయిను దానిలో దిగింది. ఆయన అన్నమాట తప్పని మనిషి.

యూనివర్సిటీలో మాత్రం అత్యవసర సమావేశం జరిగింది. ఢిల్లీ నుంచి మూల్యాంకన బృందం రావడానికి పదిరోజులుంది. చూపించడానికి సమస్య లేదు. పక్క ఊరి మురుగుకాలవ నుంచి మూడు ట్రాక్టర్ల డెక్క తెచ్చి కాలవలో పోసేద్దామని కంపెనీ మేనేజరు సూచించాడు. మొదటి ట్రాక్టరు వచ్చింది కూడా. గట్టు మీద ఇంటికో మనిషి కొడవలి ఒళ్లో పెట్టుకుని కూచుని ఉండడం చూసి, డ్రైవరు దారి తప్పి వచ్చానని చెప్పి వెళ్లిపోయాడు. నూకరత్నం మీద ఏకపక్ష పరిష్కారం కింద చర్య తీసుకోవాలని ఇంజినీరుగారు అన్నారు. ఏం చర్య తీసుకోవాలో ఒప్పందంలో రాయలేదు. పరిష్కారం జరిగిపోతుందని ఎవరూ ఊహించలేదు.

చివరికి దారి చూపించింది వైస్ ఛాన్సలర్‌గారు. పెద్ద పదవులు ఊరికే రావు. "మనం దీన్ని వైఫల్యంగా ఎందుకు చూడాలి?" అన్నారు ఆయన. "ఒప్పందం జరిగి ముప్ఫై రోజులు. మూడేళ్ల లక్ష్యం ముప్ఫై రోజుల్లో పూర్తి! అయిదు రంగాల సమన్వయం వల్ల కాకపోతే ఇది ఇంకెలా సాధ్యం?"

తరవాత ఒక్కొక్కరికీ తమ రంగం చేసిన కృషి గుర్తురావడం మొదలైంది. వల కట్టింది మేము అని ఒకరు, యూరియా వల్లే మొక్క పట్టు దొరికింది అని ఒకరు.

ఢిల్లీ బృందం వచ్చిన రోజున అదే శామియానా, అదే గట్టు. బ్యానరు మీద చేతులు అవే, మధ్యలో పువ్వు మాత్రం తీసేశారు. ముగ్గురు పెద్దమనుషులు ఫైళ్లు పట్టుకుని కూచున్నారు. కెమెరాలు తిరుగుతున్నాయి. కాలవలో నీళ్లు గలగలా పారుతున్నాయి. అవతల చేలో ప్రొక్లెయిను రొద వల్ల మాటలు వినబడటం లేదని దాన్ని కాసేపు ఆపించారు.

'గ్రామీణ మహిళా భాగస్వామి' అని చీటీ కుట్టిన శాలువా ఒకటి నూకరత్నం భుజాల మీద కప్పారు. ఆవిడ ఊడ్పు చేలోంచి పిలిస్తే వచ్చింది, కాళ్లకి బురద ఆరలేదు. వైస్ ఛాన్సలర్‌గారు స్వయంగా మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టారు.

"చెప్పమ్మా, భయపడకు. ఇన్ని రంగాలు ఇలా చేతులు కలపకపోతే, ఈ కాలవ ఇవాళ ఇలా బాగుపడేదా?"

"బాగుపడేది కాదండి," అంది నూకరత్నం.

వైస్ ఛాన్సలర్‌గారు ఢిల్లీ వాళ్ల వైపు తిరిగి నవ్వారు. శేషావతారంగారు చప్పట్లకి చేతులెత్తారు.

"ఇవాళ బాగుపడేది కాదండి. నెల కిందటే బాగుపడేది. ఆ ఎకరం కూడా నాకు మిగిలేది."

మైకు ఇంకా ఆవిడ నోటి దగ్గరే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవాలని ఎవరికీ తోచలేదు.